తండ్రి ముఖం, గురువు కత్తి: యానిమేలో రెండో తరం ఎలా తయారవుతుంది?

క్లుప్తంగా: కొత్త తరం పాత్రలకు తల్లిదండ్రుల నుంచి రూపం, శక్తి వస్తాయి. ఆ శక్తిని ఎందుకోసం వాడాలన్నది మాత్రం ఎక్కువగా గురువు దగ్గరే నేర్చుకుంటారు. ఈ రెండూ ఒకదానికొకటి సరిపడని చోట పాత్రకు సొంత బతుకు మొదలవుతుంది. ‘బొరుటో’, ‘డ్రాగన్ బాల్’, ‘మై హీరో అకాడెమియా’ అనే జపాన్ యానిమే (యానిమేషన్) కథల్లో ఇది ఎలా జరిగిందో ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ కథల్లోని కీలక మలుపులు కూడా ఇందులో ప్రస్తావనకు వస్తాయి.

బొరుటో బొమ్మను మొదటిసారి చూసినవాళ్లకు ఒక అనుమానం వస్తుంది. పసుపు జుట్టు, నీలి కళ్లు, బుగ్గల మీద పిల్లి మీసాల్లాంటి గీతలు చూస్తే నరుటో కొడుకని ఇట్టే తెలిసిపోతుంది. కానీ నుదుటికి కట్టుకున్న పట్టీ మీద అడ్డంగా ఒక గీత పడి ఉంటుంది. ఆ పట్టీ నరుటో స్నేహితుడూ బొరుటో గురువూ అయిన సాసుకేది. కాస్త పెద్దయ్యాక అతని చేతికొచ్చిన కత్తి కూడా సాసుకేదే. ఇంతకీ ఈ అబ్బాయి ఎవరి వారసుడు?

తెలుగు ప్రేక్షకుల్లో చాలామందికి ఇలాంటి ప్రశ్న ఎదురవుతోంది. డబ్బింగులు పెరిగాక యానిమే చూసేవాళ్లూ పెరిగారు. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ తెలుగు మాటలతో థియేటర్లకే వచ్చింది. అయితే అందరూ కథను మొదటి నుంచి చూసి రారు. తండ్రి కథ తెలియకుండా కొడుకు కథలోకి నేరుగా అడుగుపెట్టినవాళ్లకు పాత్రల మీద ఉన్న పాత గుర్తులు అర్థం కావు. ఆ గుర్తులను రచయితలు ఊరికే పెట్టరు. వాటి వెనుక ఒక పద్ధతి ఉంది.

పోలిక ఎలా పెడతారు

‘నరుటో’ మాంగా (జపాన్ బొమ్మల కథ) 1999లో మొదలై 2014 నవంబరులో 700వ అధ్యాయంతో ముగిసింది. ఆ చివరి అధ్యాయంలో పెద్దయిన పాత్రల పిల్లలు ఒక్కసారిగా తెరమీదికి వచ్చారు. ఎవరు ఎవరి బిడ్డో ఒక్కొక్కరి గురించీ విడిగా చెప్పేంత చోటు అక్కడ లేదు. ఆ పని ముఖాలే చేశాయి. షికాదాయ్‌కి తండ్రి షికామారు పిలక, తల్లి టెమారి ఆకుపచ్చ కళ్లు వచ్చాయి. చోచోకి తండ్రి ఒళ్లు, తల్లి చామనఛాయ వచ్చాయి. ఇనోజిన్ తల్లి జుట్టుతో, తండ్రిలాగే పాలిపోయిన ముఖంతో కనిపిస్తాడు. పదిహేనేళ్లు ఆ పెద్దలతో కలిసి నడిచిన పాఠకుడికి ఒక్క చూపు చాలు.

పూర్తి పోలిక పెడితే పాత పాత్రే మళ్లీ వచ్చినట్టు ఉంటుంది. అందుకే చిన్న తేడా వదులుతారు. నరుటో బుగ్గకు మూడు గీతలుంటే బొరుటోకి రెండే. ఊతపదం సంగతీ ఇంతే. నరుటో ప్రతి మాట చివరా ‘దత్తెబాయో’ అంటాడు. అతని తల్లి కుషినా ‘దత్తెబానే’ అనేది. బొరుటో ‘దత్తెబసా’ అంటాడు. మూడింటికీ ప్రత్యేకమైన అర్థం లేదు, వాక్యం చివర పడే తోక మాత్రమే. తల్లి పెంపకం ఎరగని నరుటో నోట ఆమె ఊతపదం పలకడం వెనుక ఉన్నది రక్తసంబంధమేనని రచయిత మసాషి కిషిమోతో చెప్పకనే చెప్పాడు. వేరే భాషలోకి తీసుకెళ్లడం కష్టమైన అందం ఇది. డబ్బింగులో ఆ తోక రాలిపోతే మూడు తరాలను కలిపే దారం కూడా తెగిపోతుంది.

పేరులోనూ వారసత్వం ఉంటుంది. బొరుటో అంటే బోల్టు, నేజి అంటే స్క్రూ. నేజి బొరుటో తల్లి హినాటాకు చిన్నాన్న కొడుకు, అన్న వరుస. యుద్ధంలో ఆమెనూ నరుటోనూ కాపాడుతూ చనిపోయాడు. అంటే బొరుటోకి మేనమామ అవుతాడు. ‘డ్రాగన్ బాల్’లో గోకు తనను పెంచిన తాత గోహాన్ పేరే కొడుక్కి పెట్టుకున్నాడు. తాత పేరు మనవడికి పెట్టడం తెలుగిళ్లలో మామూలే కాబట్టి ఈ సంగతి మనకు వివరించి చెప్పనక్కర్లేదు. గమనించాల్సింది ఒకటుంది. గోకుకు ఆ తాతతో రక్తసంబంధం లేదు. అడవిలో దొరికిన బిడ్డను ఆయన చేరదీశాడు. రెండో తరం మొదలైన చోటే పెంపకం, రక్తం పక్కపక్కన నిలబడ్డాయి.

రసెంగన్ చేతులు మారిన దారి

శక్తి తరం నుంచి తరానికి ఎలా వెళ్తుందో చూడటానికి రసెంగన్‌ను మించిన ఉదాహరణ లేదు. అరచేతిలో గిరగిరా తిరిగే చక్ర (ఒంట్లోని శక్తి) గోళం అది. దాన్ని కనిపెట్టింది నరుటో తండ్రి మినాటో. అందుకు అతనికి మూడేళ్లు పట్టింది. కానీ కొడుకు పుట్టిన రోజే అతను చనిపోయాడు. మినాటో గురువు జిరాయా ఆ విద్యను తన శిష్యుడి దగ్గరే నేర్చుకున్నాడు. ఏళ్ల తర్వాత దాన్ని నరుటోకి నేర్పింది ఆయనే. అంటే తండ్రి ఆస్తి కొడుక్కి గురువు చేతుల మీదుగా అందింది. నరుటో దాన్ని మూడో హొకాగే (ఊరి పెద్ద) మనవడు కొనొహమారుకి నేర్పాడు. కొనొహమారు బొరుటోకి నేర్పాడు.

ఇంట్లోనే రసెంగన్ తెలిసిన తండ్రి ఉన్నాడు. అయినా బొరుటో బయటివాడి దగ్గర నేర్చుకున్నాడు. నరుటోకి తండ్రి లేడు, బొరుటోకి తండ్రి ఉండి కూడా ఇంటికి రాడు. ఊరి పెద్ద పదవి అతని సమయమంతా తినేసింది. హొకాగేల రాతి ముఖాల మీద రంగులు పులిమే అల్లరి ఇద్దరూ చేశారు. నరుటో ఊరంతా తనను చూడాలని చేస్తే, బొరుటో ఒక్క మనిషి చూస్తే చాలని చేశాడు. పని అదే అయినా కారణం తలకిందులైంది. ‘బొరుటో’ మొదటి భాగం మొత్తానికి పునాది ఈ ఒక్క తేడాయే.

చేతులు మారిన ప్రతిసారీ రసెంగన్ కూడా మారింది. మినాటో దాన్ని అసంపూర్ణంగా వదిలాడు. గాలి, నిప్పు లాంటి చక్ర స్వభావాన్ని అందులో కలపాలన్న ఆలోచన అతనికి నెరవేరలేదు. నరుటో గాలిని కలిపి రసెన్‌షురికెన్ చేశాడు. బొరుటో మొదట చేసిన గోళం గోళీకాయంత. అది చూసి సాసుకే చిన్నదే అనడంతో అతను చిన్నబుచ్చుకుని విసిరేసి వెళ్లిపోయాడు. గాలిలో మాయమైన ఆ గోళం వెళ్లి వెనకాల చెట్టును కొట్టింది. తనకే తెలియకుండా స్వభావ మార్పు చేసేశాడని సాసుకే గుర్తించాడు. తండ్రి ఎంతో కష్టపడి సాధించింది కొడుక్కి తెలియకుండానే వచ్చింది. కానీ అది వచ్చిందని కనిపెట్టడానికి ఒక గురువు కన్ను కావాల్సి వచ్చింది.

ఆశయాలు ఇళ్లు మారాయి

సాసుకే కూతురు సారాదా కథ దీనికి అద్దంలో బొమ్మ లాంటిది. ఆమెకు తండ్రి వంశపు షారింగన్ కళ్లు, తల్లి సకురా పిడికిలి బలం వచ్చాయి. ఉచిహా వంశంలో ఆ కళ్లు సాధారణంగా తీవ్రమైన దుఃఖంలో తెరుచుకుంటాయి. అయినవాళ్లను పోగొట్టుకున్నప్పుడు వచ్చే శక్తి అది. సారాదాకి మాత్రం ఎప్పుడూ చూడని తండ్రిని కలవబోతున్న ఆత్రంలో తెరుచుకున్నాయి. శాపంలా వస్తున్న వారసత్వం ఒక తరంలో దారి మార్చుకుంది. ఈ మార్పును రచయిత ఏ ఉపన్యాసమూ లేకుండా ఒక్క సన్నివేశంలో చూపించాడు. అందుకే అది మనసులో నాటుకుపోతుంది.

ఈ సన్నివేశం 2015లో వచ్చిన ఒక చిన్న కథలోది. అందులోనే సారాదాకి ఇంకో పెద్ద అనుమానం తలెత్తుతుంది. సకురా తనను కన్న తల్లేనా? కరిన్ అనే మరో స్త్రీ దగ్గర దొరికిన బొడ్డుతాడును పరీక్షిస్తే అది సారాదాతో సరిపోయింది. నిజానికి ఆ బొడ్డుతాడు సారాదాదే. ఆమె పుట్టినప్పుడు సకురాకు పురుడు పోసిన కరిన్ దాన్ని దాచుకుంది. ఆ నిజం తెలియక ముందే, తల్లీబిడ్డలను కలిపేది రక్తం ఒక్కటే కాదని నరుటో ఆమెకు నచ్చజెప్తాడు. ఆ ప్రయాణం ముగిసేసరికి సారాదా తాను హొకాగే అవుతానంటుంది. ఆ కల తండ్రిది కాదు, తల్లిదీ కాదు. పక్కింటి మామయ్య లాంటి నరుటోది.

బొరుటోకి హొకాగే పదవి మీద ఆశ లేదు. ఊరిని నీడలో ఉండి కాపాడే సాసుకేలా కావాలనుకుంటాడు. మొదటి తరంలో నరుటో, సాసుకే మధ్య ఉన్న వెలుగు నీడల జంట రెండో తరంలోనూ ఉంది. ఆశయాలు మాత్రం ఇళ్లు మారాయి. ముఖాలు ఎవరి ఇంట్లోవి ఆ ఇంట్లోనే ఉన్నాయి. ఇలా అడ్డదిడ్డంగా పంచడం వల్ల రెండు లాభాలు కలిగాయి. పాత పాఠకుడికి తెలిసిన బంధం తెగలేదు, కొత్త పాత్రలు పాత దారిలోనే నడవాల్సిన అవసరమూ రాలేదు.

గోహాన్ మనసు తెలిసిందెవరికి

ఈ పద్ధతికి పాత ఉదాహరణ అకిరా తొరియామా ‘డ్రాగన్ బాల్’లో ఉంది. ఆ మాంగా 1984 నుంచి 1995 దాకా నడిచింది. గోకు కొడుకు గోహాన్ నాలుగేళ్లకే అసాధారణ బలం చూపించాడు. అతనికి మొదటి గురువు పికోలో. గోకును చంపడానికే పుట్టిన శత్రువు అతను, అంతకు కొద్దిసేపటి ముందే గోకు ప్రాణం తీసినవాడు కూడా. పిల్లవాణ్ని అడవిలో ఒంటరిగా వదిలేసి రాటుదేల్చాడు. ఏడాది తిరిగేసరికి అదే పిల్లవాడికి అడ్డుగా నిలబడి తానే చనిపోయాడు. గోకు మీద పగ తీర్చుకోవడమే పికోలోకి పుట్టుకతో వచ్చిన వారసత్వం. దాన్ని అతను శిష్యుడి కోసం వదిలేసుకున్నాడు. మారింది శిష్యుడొక్కడే కాదు, గురువు కూడా.

సెల్ అనే రాక్షసుడితో జరిగిన పోటీలో ఈ మొత్తం విషయాన్ని ఒక్కచోట కుదించిన ఘట్టం ఉంది. కోపం వస్తే గోహాన్ తననూ మించిపోతాడన్న నమ్మకంతో గోకు పదకొండేళ్ల వయసు కూడా దాటని కొడుకును ముందుకు తోశాడు. అప్పుడు పికోలో గోకును నిలదీశాడు. గోహాన్ నీలాంటివాడు కాదు, వాడికి పోట్లాట అంటే ఇష్టం లేదు అన్నాడు. కొడుకులోని బలం తండ్రికి కనిపించింది. ఆ బలం మోస్తున్న పిల్లవాడి మనసు గురువుకు కనిపించింది. సెల్‌ను ఓడించింది గోహానే కాబట్టి గోకు లెక్క తప్పలేదు. కానీ ఆ కోపం రగలడానికి ముందు గోహాన్ పడ్డ నరకం చూస్తే పికోలో మాటే నిజమనిపిస్తుంది. పెద్దయ్యాక గోహాన్ పరిశోధకుడయ్యాడు. అది తల్లి చీచీ కోరిక. 2022లో వచ్చిన ‘డ్రాగన్ బాల్ సూపర్: సూపర్ హీరో’ సినిమాలో అతని చిన్నారి కూతురు పాన్‌కి విద్య నేర్పేది మళ్లీ పికోలోనే.

ట్రంక్స్ విషయంలో తొరియామా, అనుకోకుండానే కావచ్చు, ఒక ప్రయోగం చేశాడు. వెజీటా, బుల్మాల కొడుకు ట్రంక్స్ రెండు కాలాల్లో కనిపిస్తాడు. భవిష్యత్తు నుంచి వచ్చిన ట్రంక్స్ తండ్రి లేకుండా, ఆండ్రాయిడ్లనే మరమనుషులు నాశనం చేసిన లోకంలో పెరిగాడు. అక్కడ అతనికి గురువు గోహాన్. అతను మర్యాదగా మాట్లాడతాడు, బరువు తెలిసినవాడు, తొందరగా నవ్వడు. ప్రశాంతమైన లోకంలో తండ్రి దగ్గరే పెరిగిన ట్రంక్స్ గడుగ్గాయి. తండ్రికి ఒక్క దెబ్బ తగిలిస్తే పార్కుకు తీసుకెళ్తానన్న మాట మీద సాధన చేసే పిల్లవాడు. తల్లిదండ్రులు వాళ్లే, రక్తం అదే. మనుషులు మాత్రం ఇద్దరు.

రక్తాన్ని లెక్కగట్టిన ఇల్లు

2014 నుంచి 2024 దాకా సాగిన కోహెయ్ హొరికోషి ‘మై హీరో అకాడెమియా’ ఈ ప్రశ్నను కథకు కేంద్రంగా పెట్టుకుంది. ఆ లోకంలో నూటికి ఎనభై మందికి పుట్టుకతో ఏదో ఒక ప్రత్యేక శక్తి వస్తుంది. తల్లిది లేదా తండ్రిది, లేకపోతే రెండూ కలిసినది. కథానాయకుడు మిడోరియాకి ఏదీ రాలేదు. అతనికి ఆల్ మైట్ అనే మహావీరుడు తన ‘వన్ ఫర్ ఆల్’ శక్తిని ఇస్తాడు. అదెలాగంటే, తన వెంట్రుక ఒకటి మింగమంటాడు. వినడానికి వింతగా ఉన్నా ఇది బాగా ఆలోచించి చేసిన ఏర్పాటు. గురువు నుంచి వచ్చేది కూడా ఒంట్లోంచే వచ్చేలా కథ నియమం పెట్టింది. మిడోరియా ఆ పరంపరలో తొమ్మిదోవాడు.

శక్తి వచ్చినంత మాత్రాన సరిపోలేదు. ఆల్ మైట్‌లా గుద్దబోయి మిడోరియా తన చేతుల ఎముకలే విరగ్గొట్టుకుంటూ వచ్చాడు. ఆల్ మైట్‌కి ఒకప్పుడు నేర్పిన గ్రాన్ తొరీనో దగ్గరికి వెళ్లాకే, శక్తిని ఒంటి నిండా 5 శాతం చొప్పున పరచడం తెలిసింది. చేతులు ఇక తట్టుకోవని తేలాక, తోటి విద్యార్థి ఇయిదా సాయంతో కాళ్లతో పోరాడే తీరు నేర్చుకున్నాడు. ఆరాధించే గురువును అనుకరించడం మానేసిన రోజే అతను ఆ వారసత్వాన్ని మోయగలిగాడు.

అదే కథలో ఎండెవర్ అనే హీరో ఇల్లు ఇంకోలా నడిచింది. ఆల్ మైట్‌ను దాటలేనని తెలిసిన అతను, మంచు శక్తి ఉన్న రేయ్‌ను కేవలం ఆ శక్తి కోసమే పెళ్లాడాడు. నిప్పూ మంచూ రెండూ ఉన్న బిడ్డ కావాలన్నది లెక్క. పెద్ద కొడుకు తోయాకి తండ్రిని మించిన నిప్పు వచ్చింది. శరీరం మాత్రం తల్లిది. చలికి ఓర్చుకుంటుంది, వేడికి కాలిపోతుంది. తన నిప్పుకు తానే కాలిపోయే బిడ్డ పుట్టాడు. లెక్క కుదిరిన నాలుగో బిడ్డ షోటో తండ్రి మీద కోపంతో సగం శక్తిని వాడనే వాడలేదు. అది నీ శక్తి, మీ నాన్నది కాదు అని పోటీ మధ్యలో మిడోరియా అరిచి చెప్పేదాకా ఆ నిప్పు బయటికి రాలేదు. ఈ ఇంటి కథను హొరికోషి ఎంతో ఓపికగా చెప్పాడు. పిల్లలను తమ తీరని కోరికకు పనిముట్లుగా చూసే తండ్రి ఏ దేశంలోనైనా ఉంటాడు కాబట్టి దాన్ని అర్థం చేసుకోవడానికి జపాన్ గురించి తెలియాల్సిన పని లేదు.

విలన్ షిగరాకి సంగతి ఇంకా విషాదం. ఆల్ మైట్ గురువు నానా షిమురాకి అతను స్వయానా మనవడు. శత్రువు నుంచి కాపాడాలని ఆమె కొడుకును దూరంగా పంపేసింది. వదిలేసి వెళ్లిందన్న కోపంతో ఆ కొడుకు తన ఇంట్లో హీరోల మాటే ఎత్తనివ్వలేదు. మనవడు ఆ హింసలో నలిగి, చివరికి ఆమె శత్రువు చేతికే చిక్కాడు. అతని చేతుల్లోని నాశన శక్తి కూడా పుట్టుకతో వచ్చింది కాదని, ఆ శత్రువే అంటగట్టాడని చివర్లో తేలుతుంది. నానా రక్తం విలన్ దగ్గర మిగిలింది. నానా నమ్మకం శిష్యుడి శిష్యుడికి చేరింది.

ఈ ఆలోచనకు జపాన్‌లో మూలాలు

రక్తం, శిష్యరికం ఇలా పెనవేసుకోవడం జపాన్ సమాజానికి కొత్త కాదు. అక్కడి సంప్రదాయ కళల్లో ‘ఇఎమోతో’ అనే పద్ధతి ఉంది. కళాపీఠానికి ఒక పెద్ద ఉంటాడు, ఆ పేరూ అధికారమూ తర్వాతి తరానికి వెళ్తాయి. కబుకి నాటకాల్లో నటులు పెద్దల పేరునే స్వీకరిస్తారు. 2022లో ఇచికావా దంజూరో అనే పేరు పదమూడోసారి ఒక నటుడికి దక్కింది. కొడుకు లేకపోయినా, ఉన్నా తగినవాడు కాకపోయినా శిష్యుణ్నో అల్లుణ్నో దత్తత తీసుకోవడం వ్యాపార కుటుంబాల్లోనూ ఉంది. స్త్రీ పాత్రలకు ప్రసిద్ధుడైన ఐదో బందో తమసబురో కబుకి కుటుంబంలో పుట్టలేదు, దత్తతతో ఆ వంశంలోకి వచ్చాడు. నేర్చుకునే దశలకు కూడా ‘షు, హ, రి’ అని పేర్లున్నాయి. ముందు గురువు చెప్పింది పాటించడం, తర్వాత దాన్ని ఛేదించడం, చివరికి దాన్ని వదిలి వెళ్లడం. మిడోరియా చేతుల నుంచి కాళ్లకు మారిన దారిని దీని పక్కన పెట్టి చూస్తే పోలిక స్పష్టంగా కనిపిస్తుంది.

హొకాగేల వరస కూడా ఇలాంటిదే. మొదటి ఇద్దరూ అన్నదమ్ములు. మూడోవాడు వాళ్ల శిష్యుడు. నాలుగో హొకాగే ఆయన శిష్యుడికి శిష్యుడు. ఐదో హొకాగే మొదటివాడి మనవరాలు, మూడోవాడి శిష్యురాలు. ఆరోవాడు నాలుగో హొకాగే శిష్యుడు. ఏడోవాడైన నరుటో నాలుగో హొకాగే కొడుకు, ఆరో హొకాగే శిష్యుడు.

‘డీమన్ స్లేయర్’లో ఇంకో చిత్రమైన రూపం కనిపిస్తుంది. కథానాయకుడు తంజిరోకి తండ్రి నుంచి వచ్చింది ఒక అగ్నిదేవుడి నృత్యం, ఒక జత చెవిపోగులు. నిజానికి ఆ నృత్యం తొలి కత్తివిద్యే. దాని సృష్టికర్త యొరీచికి తంజిరో వంశంతో రక్తసంబంధం లేదు. అతని స్నేహితుడి కుటుంబం, అసలు సంగతి తెలియకపోయినా, తరతరాలుగా ఏటా ఆడుతూ ఆ విద్యను బతికించింది.

పోలిక మాత్రమే మిగిలితే

ఈ పద్ధతికి బలహీనతలు లేకపోలేదు. ‘బొరుటో’ యానిమే 2017 నుంచి 2023 దాకా 293 ఎపిసోడ్లు నడిచింది. అందులో చాలామంది పిల్లలు తల్లిదండ్రుల విద్యలనే మళ్లీ ప్రదర్శించి పక్కకు తప్పుకున్నారు. మెటల్ లీ కొంత నయం. చెమటోడ్చి పైకొచ్చిన రాక్ లీ కొడుకు అతను. అదే ఆకుపచ్చ దుస్తులు, అవే కనుబొమ్మలు. కానీ ఎవరైనా చూస్తుంటే టెన్షన్‌తో చేతులు కాళ్లు ఆడవు. ఆ ఒక్క లోపమే అతణ్ని తండ్రి నుంచి విడదీసి గుర్తుండేలా చేసింది.

ఇంకో విమర్శ లోతైనది. నరుటో మొదట్లో ఎవరూ పట్టించుకోని అనాథ. పుట్టుకే తలరాత అని వాదించిన నేజిని కష్టంతో ఓడించాడు. తర్వాత అతను నాలుగో హొకాగే కొడుకని, మరీ ముందుకెళ్తే ఒక పురాణ పురుషుడి పునర్జన్మ అని తేలింది. దాంతో నేజికి చెప్పిన జవాబు పలచబడిపోయింది. ఈ విమర్శలో న్యాయం ఉంది. రెండో తరం కథల్లో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ అందరూ గొప్పవాళ్ల పిల్లలే.

జ్ఞాపకాలు తారుమారైనప్పుడు

ఆ ఇబ్బందికి ‘బొరుటో’ మాంగా ఇచ్చిన జవాబు గట్టిది. నరుటో ఇంటికి కవాకి అనే దిక్కులేని అబ్బాయి వస్తాడు. నరుటో అతణ్ని కొడుకులా చూసుకుంటాడు. కన్నకొడుకు దూరం నిలబడి సాసుకే వెంట పడితే, పెంపుడు కొడుకు నరుటో కోసం దేనికైనా సిద్ధపడతాడు. చివరికి ఒక మాయాశక్తి వల్ల లోకం జ్ఞాపకాల్లో ఇద్దరి స్థానాలూ తారుమారవుతాయి. కవాకి హొకాగే కొడుకుగా, బొరుటో ఆ హొకాగే ప్రాణం తీసిన బయటివాడిగా మారిపోతారు. తండ్రి పేరు, ఇల్లు, చెల్లెలి గుర్తు అన్నీ బొరుటో చేయి జారిపోయాయి. రక్తం ఇచ్చిన గుర్తింపు ఒక్కటీ మిగల్లేదు.

సాసుకే జ్ఞాపకాలు కూడా మారిపోయాయి. అతని లెక్కలో ఇప్పుడు బొరుటో ఒక ద్రోహి. కానీ మాయ అంటని కొద్దిమందిలో ఒకరైన సారాదా తండ్రిని వేడుకుంది. ఆమె కళ్లలోని నిజాన్ని నమ్మి, తనకు గుర్తులేని శిష్యుణ్ని వెంటబెట్టుకుని సాసుకే ఊరు విడిచిపెట్టాడు. తర్వాత ఆ శిష్యుణ్ని కాపాడబోయి తానే చెట్టుగా మారిపోయాడు.

2023 ఆగస్టులో మొదలైన ‘బొరుటో: టూ బ్లూ వోర్టెక్స్’లో మూడేళ్ల తర్వాత బొరుటో ఊరికి తిరిగొస్తాడు. చేతిలో సాసుకే కత్తి ఉంటుంది. తాత కనిపెట్టి నలుగురి చేతులు మారి వచ్చిన రసెంగన్‌కి ఈసారి కొత్త పేరుంది, ఉజుహికో. భూమి తిరిగే బలాన్నే అందులోకి తీసుకునే ఆ రూపాన్ని అతనికి ముందు ఎవరూ చేయలేదు.